ఆస్తి పిల్లలకు అందించేదెలా: పన్ను ఎక్కువ పోకుండా, పేచీ రాకుండా

మన దేశంలో వారసత్వంగా వచ్చే ఆస్తి మీద పన్ను లేదు. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు, గిఫ్ట్ ట్యాక్స్ 1998లో పోయింది, వెల్త్ ట్యాక్స్ 2015 బడ్జెట్‌తో పోయింది. మరి ప్లానింగ్ దేనికి అంటారా? ఆస్తి చేతులు మారినప్పుడు పన్ను పడకపోయినా, మారాక వచ్చే అద్దె మీద, వడ్డీ మీద, అమ్మినప్పుడు వచ్చే లాభం మీద పడుతుంది. అది ఎవరి పేరున ఉంది, వాళ్లకు ఎలా వచ్చింది, ఆ మనిషి ఏ దేశంలో ఉంటున్నాడు అన్నదాన్ని బట్టి లక్షల్లో తేడా వచ్చేస్తుంది. 2024 ఎన్నికలప్పుడు వారసత్వ పన్ను మళ్లీ వస్తుందేమోనని పెద్ద చర్చ నడిచింది, ఆ భయంతో ఉన్నదంతా పిల్లల పేర రాసేయాలా అని అడిగినవాళ్లూ ఉన్నారు. రాని పన్నుకు భయపడి చేతిలో ఉన్న హక్కు వదులుకోవడం తెలివైన పని కాదు. ముందు ఎవరికి, ఎప్పుడు అన్నది తేల్చుకోండి, పన్ను లెక్క ఆ తర్వాతే.

ఇది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెండు మూడు ఫ్లాట్లు, ఊళ్లో పొలం, కొంచెం షేర్లు, బంగారం, ఒక వ్యాపారం ఉండి, పిల్లల్లో ఒకరు అమెరికాలో ఉన్న కుటుంబాల కోసం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి నంబర్ల జోలికి పోవడం లేదు, ఈ విషయాల్లో సారం మాత్రం అదే.

మొదటి పని: ప్రతి ఆస్తీ ఎలా వచ్చిందో రాయండి

ఒక పుస్తకం తీసుకోండి, ఎక్సెల్ అలవాటుంటే అదే. ఒక్కో ఆస్తికి ఎదురుగా నాలుగు విషయాలు: ఎవరి పేరున ఉంది, ఎలా వచ్చింది, ఎప్పుడు ఎంతకు వచ్చింది, నామినీ ఎవరు. విలువ ఎంత అన్నది చివర్లో రాసుకున్నా ఫర్వాలేదు. "ఎలా వచ్చింది" అన్న గడి దగ్గర మాత్రం తొందరపడకండి. కొన్నదా, నాన్నగారు చనిపోయాక వచ్చిందా, అన్నదమ్ముల పంపకంలో వచ్చిందా, ఎవరైనా రాసిచ్చారా, ఈ నాలుగింటికీ చట్టం దారులు వేరు.

చాలామంది తాతగారి నుంచి వచ్చిందల్లా పిత్రార్జితమే అనుకుంటారు. అలా కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక తండ్రి వీలునామా లేకుండా చనిపోయి, ఆయన స్వార్జితం కొడుక్కి వస్తే అది కొడుకు సొంత ఆస్తే, ఉమ్మడి కుటుంబ ఆస్తి కాదు అని 1986లోనే సుప్రీంకోర్టు చందర్ సేన్ కేసులో చెప్పింది. దాన్ని ఆయన ఇష్టం వచ్చినవాళ్లకు రాసుకోవచ్చు. నిజంగా ఉమ్మడి ఆస్తి అయితే అందులో తన వాటా వరకే రాయగలడు. ఆ వాటాల్లో ఆడపిల్లలూ ఉన్నారు: ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకు హక్కు ఇచ్చారు, 2005లో కేంద్ర చట్టం అందరు కూతుళ్లకూ ఇచ్చింది, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో వినీతా శర్మ తీర్పు తేల్చేసింది. కాబట్టి అక్కచెల్లెళ్ల సంతకం లేకుండా కొడుకులు రాసుకున్న పంపకాలు మీ ఫైల్లో ఉంటే, ముందు వాటిని లాయర్‌కు చూపించండి.

ఇంకోటి, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం. అమ్మాయి పెళ్లిలో రెండెకరాలు ఇచ్చామని ఊరంతా తెలుసు, పంట కూడా అల్లుడి వాళ్లే తీసుకుంటున్నారు, పాస్‌బుక్ మాత్రం ఇంకా నాన్న పేరునే ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేని భూదానం చెల్లదు. ఇవ్వాలనే ఉంటే ఇప్పుడే రాసివ్వండి, లేదంటే వీలునామాలో సర్వే నంబరుతో సహా పెట్టండి.

పొలాలకు పక్కన ఇంకో సంగతి రాసుకోవాలి: దగ్గరి మున్సిపాలిటీ హద్దు నుంచి నేరుగా కొలిస్తే ఎంత దూరం. జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉన్న ఊరైతే 2 కిలోమీటర్లు, 10 లక్షల వరకు 6, అంతకు మించితే 8. ఆ గీత అవతల ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్నే, అంటే అమ్మకం లాభం మీద పన్నే లేదు. ఊరు పెరిగి హద్దు జరిగితే అదే భూమి పన్నులోకి వచ్చేస్తుంది. ఎలాగూ అమ్మాలనుకుంటున్న పొలం ఆ గీత దగ్గర్లో ఉంటే ఇప్పుడే ఆలోచించండి.

రెండో పని: వీలునామా లేకపోతే ఏమవుతుందో లెక్కేసుకోండి

"మాకు గొడవలేం లేవు, చట్టప్రకారం వచ్చేస్తుంది కదా" అంటారు. చట్టప్రకారం ఎలా వస్తుందో చూడండి. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన వాటాలు. ఇద్దరు పిల్లలుంటే నాలుగు వాటాలు, అందులో ఒకటి మీ అమ్మది. తర్వాత ఆవిడ వీలునామా రాయకుండా కాలం చేస్తే ఆ నాలుగో వాటా ఆవిడ పిల్లలందరికీ పోతుంది. అంటే మీ ఆవిడ ఉంటున్న ఫ్లాట్‌లో మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా భాగం వచ్చిందన్నమాట. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ అమ్మాలంటే వాళ్లందరి సంతకాలూ కావాలి.

ఆడవాళ్ల విషయం ఇంకా విడ్డూరం. ఉద్యోగం చేసి సొంతంగా ఫ్లాట్ కొనుక్కున్న అమ్మాయి, పిల్లలు లేరు, భర్త ముందే పోయాడు అనుకోండి. వీలునామా లేకపోతే ఆ ఫ్లాట్ కన్న తల్లిదండ్రులకు కాదు, ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. 1956 చట్టంలో ఉన్నది అంతే. కాబట్టి ఇంట్లో ఆస్తి ఉన్న ప్రతి ఆడమనిషీ, పెళ్లయిన కూతురితో సహా, విడిగా వీలునామా రాసుకోవాలి.

మూడో పని: వీలునామా

స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్లూ పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి, అయ్యే ఖర్చుకు వచ్చే నిశ్చింత ఎక్కువ. రిజిస్టర్ చేసినా ఎప్పుడైనా మార్చుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది. లోపల ఏముందో ఎవరికీ తెలియకూడదనుకుంటే సీల్డ్ కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలు కూడా ఉంది.

రాయడంలో జాగ్రత్తలు ఎక్కువ. అమ్మకు తెలుగే చదవడం వస్తే వీలునామా తెలుగులోనే రాయించండి. చదవలేని భాషలో టైపు చేయించి వేలిముద్రో సంతకమో తీసుకుంటే, రేపు కోర్టులో మొదట పట్టుకునేది దాన్నే. సాక్షులుగా ఆస్తి పొందేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను పెట్టొద్దు, మీకంటే చిన్నవాళ్లను పెట్టండి. 70 దాటినవాళ్లయితే అదే రోజు ఫ్యామిలీ డాక్టర్ దగ్గర మానసికంగా బాగున్నారని ఒక సర్టిఫికెట్ తీసుకుని జత చేయండి, డాక్టరే ఒక సాక్షి అయితే ఇంకా మంచిది. ఇంటికి డోర్ నంబరు ఒక్కటే కాదు, డాక్యుమెంట్ నంబరు, హద్దులు రాయండి. ఇందులో రాయనివి, ఇకపై కొనేవి ఎవరికి అన్న వాక్యం ఒకటి, ఎవరైనా నాకంటే ముందే పోతే వాళ్ల వాటా ఎవరికి అన్నది ఒకటి తప్పకుండా ఉండాలి. ఒకరికి తక్కువ ఇస్తుంటే ఎందుకో రెండు ముక్కలు రాయండి: పెద్దవాడి చదువుకు ఇంత పెట్టాం, అమ్మాయికి పెళ్లిలో ప్లాట్ ఇచ్చాం, అలా. కారణం రాయని అసమాన పంపకం దగ్గరే అనుమానాలు మొదలవుతాయి.

అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి ఆస్తికి ఒకటి, ఇక్కడి ఆస్తికి ఒకటి విడిగా రాసుకుంటే పని తేలిక. కానీ రెండోది రాసేటప్పుడు "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అని లాయర్ అలవాటుగా పెట్టేస్తాడు, దాంతో మొదటిది గాల్లో కలిసిపోతుంది. ఏ దేశపు ఆస్తికి సంబంధించినవి రద్దో స్పష్టంగా రాయించుకోండి.

నాలుగో పని: బతికుండగానే ఇవ్వాల్సింది ఏదైనా ఉందా

ఇక్కడే పన్ను లెక్కలు మొదలవుతాయి. దగ్గరి బంధువుల నుంచి వచ్చే గిఫ్ట్ ఎంతైనా పుచ్చుకున్నవాళ్లకు పన్ను లేదు, మిగతావాళ్ల నుంచి ఏడాదిలో మొత్తం 50 వేలు దాటితే దాటింది మాత్రమే కాదు, మొత్తం పన్నులోకి వస్తుంది, పెళ్లి కానుకలకు మినహాయింపు. బంధువుల జాబితాలో చిన్న మెలిక ఉంది: బాబాయి తన అన్న కొడుక్కి ఇస్తే పన్ను లేదు, అదే ఆ అన్న కొడుకు బాబాయికి ఇస్తే ఉంది. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు లెక్కలోకి రారు. డబ్బు ఇస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వండి, 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తం పెనాల్టీ పడే అవకాశం ఉంది.

పుచ్చుకున్నందుకు పన్ను లేకపోయినా, దాని మీద వచ్చే ఆదాయం ఎవరిది అన్నది వేరే ప్రశ్న. భార్యకో, కోడలికో ఉచితంగా ఇస్తే ఆ అద్దె, వడ్డీ, చివరికి అమ్మితే వచ్చే లాభం కూడా ఇచ్చినవాళ్ల ఆదాయంలోనే కలుపుతారు. మైనర్ పిల్లల ఆదాయం తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్లకు కలుస్తుంది. మేజరైన కొడుక్కి, కూతురికి, ఆఖరికి అల్లుడికి ఇచ్చినా కలవదు. కోడలికి ఇస్తే కలిసి, అల్లుడికి ఇస్తే కలవకపోవడం ఏమిటో, అల్లుడి మర్యాద ఆదాయపు పన్ను శాఖలో కూడా నడుస్తున్నట్టుంది.

తల్లిదండ్రులకు ఇచ్చినా కలవదు, డబ్బున్నవాళ్లు చాలామంది దీన్ని మరిచిపోతారు. మీరు 30 శాతం శ్లాబులో ఉన్నారు, కోటి రూపాయల ఎఫ్‌డీ మీద 7 శాతం అంటే 7 లక్షల వడ్డీ, సెస్‌తో కలిపి సుమారు 2 లక్షల 18 వేలు పన్ను. అదే కోటి, వేరే ఆదాయం లేని అమ్మ పేరున ఉంటే కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు, అంటే పన్ను మాఫీ ఉంది కాబట్టి పన్ను సున్నా. కానీ ఇచ్చాక అది నిజంగా అమ్మ డబ్బే, ఆవిడ వీలునామా లేకుండా పోతే మీ తోబుట్టువులందరికీ, నాన్నగారికీ సమానంగా వెళ్తుంది. కాబట్టి ముందు అమ్మ వీలునామా, తర్వాత బదిలీ.

ఇల్లో స్థలమో రాసివ్వాలంటే రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ లేదా సెటిల్‌మెంట్ డీడ్. కుటుంబ సభ్యులకైతే స్టాంపు డ్యూటీ అమ్మకం కంటే తక్కువ. తెలంగాణలో వ్యవసాయ భూమికి తహసీల్దార్ ఆఫీసుకు, ఇళ్లకు ప్లాట్లకు సబ్‌రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లాలి. ఒకసారి ఇస్తే వెనక్కి రాదు, ఇది బాగా గుర్తుంచుకోండి. ఉంటున్న ఇంటిని రాసివ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తప్పదనుకుంటే డీడ్‌లోనే రెండు పెట్టించండి: మీరూ మీ ఆవిడా బతికున్నంత కాలం ఉండే, అద్దె తీసుకునే హక్కు మీదే అని ఒకటి, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీదే ఇస్తున్నామని ఒకటి. రెండోది ఎందుకంటే, 2007 నాటి వృద్ధుల చట్టం కింద 60 దాటినవాళ్లు ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ డీడ్ రద్దు చేయించుకోవచ్చు, కానీ ఆ షరతు ఉందని చూపించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్యుమెంట్ రైటర్ దగ్గరున్న మామూలు నమూనాలో "ప్రేమాభిమానాలతో" అని మాత్రమే ఉంటుంది. ప్రేమాభిమానాలు షరతు కావు.

అమ్మకం లాభం సంగతి. గిఫ్ట్‌గా వచ్చినా, వీలునామాతో వచ్చినా, మొదట కొన్న మనిషి పెట్టిన ధరే మీ ధర అవుతుంది. 2001 ఏప్రిల్ 1 కంటే ముందు కొన్నదైతే ఆ రోజు విలువ తీసుకోవచ్చు, స్థలాలకు ఇళ్లకు అది అప్పటి స్టాంపు విలువను మించకూడదు. అందుకే పాత లింక్ డాక్యుమెంట్లు, అప్పటి సబ్‌రిజిస్ట్రార్ విలువ సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టండి, నాన్న ఎంతకు కొన్నారో కాగితం దొరక్క పన్ను ఎక్కువ కట్టేవాళ్లు ఎందరో.

ఐదో పని: అమెరికాలో ఉన్న పిల్లలకు ఎలా

ఒక ఫ్లాట్ 2014-15లో కోటికి కొన్నారు, 2025-26లో కోటి 80 లక్షలకు అమ్మారు అనుకుందాం. ఇక్కడే ఉంటున్న నాన్న పేరున ఉంటే 2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి ఆయనకు రెండు దారులు. ఇండెక్సేషన్, అంటే ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి చూపడం, లేకుండా 12.5 శాతం, అంటే 80 లక్షల మీద 10 లక్షలు. లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం: కోటిని అమ్మిన ఏడాది సూచీ 376తో హెచ్చించి కొన్న ఏడాది సూచీ 240తో భాగిస్తే సుమారు కోటి 56 లక్షల 67 వేలు, లాభం 23 లక్షల 33 వేలు, పన్ను 4 లక్షల 67 వేలు. సెస్, సర్‌ఛార్జి విడిగా. అదే ఫ్లాట్ ముందే అమెరికా కొడుకు పేర రాసేసి ఉంటే ఎన్నారైకి ఆ రెండో దారి లేదు, 10 లక్షలే. పైగా ఎన్నారై అమ్ముతుంటే కొనేవాళ్లు టీడీఎస్‌ను, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్నును, చాలాసార్లు లాభం మీద కాదు, మొత్తం ధర మీద కోసేస్తారు, తగ్గించాలంటే ముందే శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కాబట్టి ఎలాగూ అమ్మేదైతే మీ పేరున ఉండగానే అమ్మి డబ్బు ఇవ్వండి. 1990ల్లో కొన్న ప్లాట్లకు మాత్రం 12.5 శాతమే చాలాసార్లు లాభం, రెండూ వేసి చూడండి.

అమ్మకుండా ఉంచేదైతే గిఫ్ట్ కంటే వీలునామా మేలు, కారణం అమెరికాలో ఉంది. అక్కడ పన్ను కట్టేవాళ్లకు గిఫ్ట్‌గా వస్తే నాన్న కొన్న ధరే లెక్క, మన 2001 విలువను వాళ్లు ఒప్పుకోరు. వారసత్వంగా వస్తే నాన్న పోయిన రోజు మార్కెట్ విలువే ధర అవుతుంది, పాత లాభమంతా అక్కడి లెక్కలోంచి పోతుంది. ఇక్కడి పన్ను ఎటూ ఒకటే. వ్యవసాయ భూమికైతే వేరే దారే లేదు, ఎన్నారైకి పొలం గిఫ్ట్ ఇవ్వకూడదు, అతను కొనకూడదు, వారసత్వంగా మాత్రం రావచ్చు. తర్వాత అమ్మినా ఇక్కడ ఉండే భారతీయ పౌరుడికే అమ్మాలి. అమ్మిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్నారైలు ఇక్కడి ఆదాయానికి పెట్టుకునే బ్యాంకు ఖాతా) నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు పట్టుకుపోవచ్చు.

పిల్లలకు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. విదేశీయుల నుంచి, అంటే మీ నుంచి, ఏడాదిలో లక్ష డాలర్లు దాటి గిఫ్టో వారసత్వమో వస్తే పన్ను లేదు గానీ అక్కడి పన్ను శాఖకు 3520 ఫారం వేయాలి, వేయకపోతే వచ్చినదాంట్లో 25 శాతం దాకా పెనాల్టీ. ఇక్కడి మ్యూచువల్ ఫండ్స్ వాళ్ల చేతికి వెళ్తే అమెరికా పన్ను చాలా చికాకుగా ఉంటుంది, ఆ పిల్లలకు ఫండ్స్ కాకుండా డబ్బో, స్థలమో వచ్చేలా సర్దండి, ఫండ్స్ ఇక్కడున్న అమ్మాయికి.

మీరే ఇక్కడ కూర్చుని యాప్‌లో అమెరికా షేర్లు కొంటుంటే ఒక మాట. అమెరికాలో ఉండని విదేశీయులకు అక్కడి ఎస్టేట్ ట్యాక్స్ మినహాయింపు 60 వేల డాలర్లే, అది దాటినదానిపై రేటు 40 శాతం వరకు వెళ్తుంది. ఇక్కడ లేదనుకున్న చావు పన్ను అక్కడ కాచుకుని ఉంది. 60 వేలకు దగ్గర పడుతుంటే అక్కడి షేర్లు తగ్గించుకోండి.

హెచ్‌యూఎఫ్, ట్రస్టు గురించి

హెచ్‌యూఎఫ్‌కు, అంటే హిందూ ఉమ్మడి కుటుంబానికి, విడి పాన్, విడి శ్లాబు వస్తాయని సీఏలు చెప్తారు, నిజమే. కానీ మీ సొంత ఆస్తి అందులో వేస్తే ఆదాయం మీకే కలుస్తుంది, 12 లక్షల రిబేటు దానికి లేదు, పైగా ఒకసారి వేసినది బయటికి తీయాలంటే మొత్తం పంపకం చేయాలి, కొంత పంపకాన్ని పన్ను శాఖ గుర్తించదు. నిజంగా ఉమ్మడి ఆస్తి ఉన్నవాళ్లకు తప్ప కొత్తగా మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను. ప్రైవేటు ట్రస్టు కూడా అంతే, అందరికీ అక్కర్లేదు. ఎవరికెంత అన్నది ట్రస్టీల ఇష్టానికి వదిలేస్తే ఆదాయం మీద గరిష్ఠ రేటు పడుతుంది. తన పనులు తాను చూసుకోలేని బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం ట్రస్టు తప్పనిసరి అనే అంటాను, పన్ను ఎంతైనా సరే.

చివరి పని: నామినేషన్లు, బీమా

నామినీ ఆస్తికి యజమాని కాదు, తీసుకుని వారసులకు అందించేవాడు. షేర్ల విషయంలో కూడా ఇంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే వీలునామాలో ఒక పేరు, డీమ్యాట్‌లో ఇంకో పేరు ఉంటే గొడవ మీరే అప్పజెప్పినట్టు. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీలను వాటాలతో సహా పెట్టుకోవచ్చు, లాకర్‌కు మాత్రం ఒకరి తర్వాత ఒకరు. లాకర్‌లోని బంగారానికి బిల్లులు లేకపోతే ఏది అమ్మమ్మది, ఏది పెళ్లిలో పెట్టింది, బరువెంత అని ఒక జాబితా రాసి సంతకం చేసి ఉంచండి. సోదాల్లో పెళ్లయిన ఆడవారికి 500 గ్రాములు, పెళ్లికానివారికి 250, మగవారికి 100 వరకు నగలు జప్తు చేయొద్దని 1994 నాటి సూచన ఉంది, అంతకు మించినదానికి కాగితమే ఆధారం.

వ్యాపారం చేస్తూ బ్యాంకు అప్పులకు సొంత పూచీకత్తు పెట్టినవాళ్లు టర్మ్ పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోవాలి. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి తీసుకున్నదని రుజువైతే తప్ప ఆ డబ్బు భార్యాపిల్లలదే, బ్యాంకు ముట్టుకోలేదు. దీనికి ప్రపోజల్‌తో పాటే విడి ఫారం ఒకటి నింపాలి, పాలసీ వచ్చాక కలపమంటే కుదరదు, కాబట్టి ఏజెంట్ సంతకాలు పెట్టించుకునే రోజే ఆ ఫారం అడిగి తీసుకోండి.